లోపాలు ఏడుకు తగ్గరాదు

పాండురంగం అద్దిన గుడ్డ బోర్డు ఆఫీసు నుంచి మంగళవారం పదకొండు గంటలకు తిరిగి వచ్చింది. పన్నెండు మీటర్ల తాను. మూలన ఒక చీటీ కుట్టి ఉంది. చీటీలో "లోపములు" అని అచ్చేసి ఉన్నచోట చేత్తో సున్నా చుట్టారు. "తీర్మానము" అన్నచోట "యంత్రముద్రితము" అని రాశారు. కింద సంతకం.

పాండురంగం దాన్ని రెండుసార్లు చదివి భార్య నాంచారమ్మకు ఇచ్చాడు. ఆమె రాగి బానలో గుడ్డలు ఉడకేస్తోంది. కర్ర పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, చీటీ చదివింది.

"మిషను మీద అచ్చేశారంటున్నారండీ."

"ఏ మిషను?"

"నేనూ అదే అడుగుతున్నా. మనింట్లో మిషనంటే నా కుట్టుమిషనొకటే. దాని సూది విరిగి రెండేళ్ళయింది."

పాండురంగానికి అరవై రెండేళ్ళు. అందులో నలభై నాలుగేళ్ళు అద్దకం బల్ల ముందు నిలబడే గడిచాయి. బందరు దగ్గర కరకలపాలెంలో అద్దకం పని చేసేవాళ్ళందరికీ ఆయన సంగతి తెలుసు. గుడ్డ మీద ముందు నల్లరంగుతో గీతల కొయ్య అచ్చు వేస్తారు. తర్వాత ఆ గీతల మధ్య ఎర్రరంగు అచ్చు వేస్తారు. ప్రతి అచ్చుకూ మూలన ఒక చుక్క ఉంటుంది. రెండో అచ్చు చుక్క మొదటి అచ్చు చుక్క మీద కూర్చోవాలి. మామూలు పనివాడికి పది చుక్కల్లో ఒకటి రెండు పక్కకు పోతాయి. పాండురంగానికి పోవు. భూతద్దం పెట్టి చూసినా ఒక చుక్కే కనపడుతుంది. ఊళ్ళో పిల్లకి సంబంధం కుదిరి జాతకాలు కలిస్తే, "పాండురంగం చుక్కల్లాగా కలిశాయి" అనేవారు.

ఇప్పుడు ఆ చుక్కలే ఆయన కొంప ముంచాయి.

సంగతేమిటంటే, ఆ ఏడాది హస్తముద్రిత వస్త్ర ప్రామాణ్య మండలి అని ఒకటి ఏర్పడింది. జనం దాన్ని చేతి బోర్డు అన్నారు. మిల్లు గుడ్డను చేతి గుడ్డగా అమ్మేవాళ్ళను పట్టుకోవడం దాని పని. చేతి గుడ్డను గుర్తుపట్టడం ఎలాగో తేల్చడానికి ఏడుగురు సభ్యులతో ఒక కమిటీ వేశారు. కమిటీ ఒక కార్ఖానాకు వెళ్ళి ఒక మీటరు గుడ్డను బల్ల మీద పరిచి చూసింది. ఒక సభ్యుడు ఒక మరక చూపించాడు. ఆయన చూపించాక మిగతావాళ్ళు ఊరుకోలేరు కనుక తలా ఒకటి చూపించారు. ఉత్తర్వు వెలువడింది: "హస్తముద్రిత వస్త్రమునందు మానవ సహజమైన లోపములు మీటరు ఒక్కింటికి ఏడుకు తగ్గరాదు. తగ్గినచో అట్టి వస్త్రము యంత్రముద్రితముగా పరిగణింపబడును."

ఉత్తర్వు ప్రకారం ఉన్న గుడ్డ మీద బోర్డు అరచేయి ముద్ర వేస్తుంది. అరచేయి లేని గుడ్డను ఏ షాపువాడూ తీసుకోడు. మూడు నెలలుగా పాండురంగం గుడ్డ ఏ షాపువాడూ తీసుకోలేదు. తానులు మంచం మీదికి చేరాయి. మొగుడూ పెళ్ళాలు కిందికి చేరారు. ఇది ఇలాగే సాగితే దసరా నాటికి బల్ల అమ్ముకోవాలి.

బుధవారం పాండురంగం ఆఫీసుకు వెళ్ళాడు. డిప్యూటీ డైరెక్టరు చిదంబరరావు గారు ఆయన్ను కూర్చోమన్నారు.

"సార్, మా ఇంట్లో మిషను లేదండీ."

"లేదని ఏ ఆధారంతో చెబుతున్నారు?"

"మా ఇల్లండీ అది."

"అది మౌఖిక సాక్ష్యం," అన్నారు చిదంబరరావు గారు. "గుడ్డ భౌతిక సాక్ష్యం. రెండూ విభేదించినప్పుడు మండలి గుడ్డనే విశ్వసిస్తుంది. చూడండి పాండురంగం గారూ, మానవుడు అపూర్ణుడు. ఇది మేము కనిపెట్టింది కాదు, పెద్దలు చెప్పిందే. వారు సంఖ్య నిర్ణయించలేదు. మేము నిర్ణయించాం."

"అచ్చు పక్కకి జరిగితే మా నాన్న చేతి మీద కొట్టేవాడండీ."

"మీ నాన్నగారు ప్రస్తుత మార్గదర్శకాలకు పూర్వపు వ్యక్తి. ఆయనపై చర్య తీసుకునే ఉద్దేశం మండలికి లేదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారండీ?"

"ఏడు తప్పులు. మీటరుకు ఏడంటే ఏడు. మా అటెండరు కాఫీ తేవడంలోనే అన్ని చేస్తాడు. ఇంత అనుభవం ఉండి మీరు చెయ్యలేరా?"

ఆయన ఇంటికి వచ్చి బల్ల మీద గుడ్డ పరిచాడు. తప్పు చెయ్యాలనుకుని అచ్చు ఎత్తాడు. అచ్చు కిందికి దిగేటప్పుడు చెయ్యి దానంతటదే సర్దుకుంది. చుక్క మీద చుక్క కూర్చుంది. కళ్ళు మూసుకుని వేశాడు. కూర్చుంది. ఎడంచేత్తో వేశాడు. కాస్త ఆలస్యంగా కూర్చుంది.

"పక్కకి తిరిగి నాతో మాట్లాడుతూ వెయ్యండి," అంది నాంచారమ్మ.

"ఏం మాట్లాడను?"

"నలభై ఏళ్ళలో నాతో మాట్లాడని మాటలు చాలా ఉన్నాయిగా, వాటిల్లో ఏదో ఒకటి."

ఆయన మాట్లాడుతూ వేశాడు. మాటల్లో తడబడ్డాడు, చేతిలో తడబడలేదు. ఆమె వెనక నుంచి మోచేత్తో పొడిచింది. చెయ్యి ముందే గ్రహించి ఆగింది. ఆమె వెళ్ళి మిరపకాయలు వేయించింది. వీధి వీధంతా తుమ్మింది. ఆయనా తుమ్మాడు, అచ్చు పైకెత్తి ఉన్నప్పుడు మాత్రమే.

చివరికి ఆయన తప్పులను కూడా పనిలాగే చెయ్యాలని నిశ్చయించుకున్నాడు. మీటరును ఏడు భాగాలు చేశాడు. భాగానికొక చోట అచ్చును సరిగ్గా ఒక నూలుపోగు మేర కుడివైపుకు జరిపి వేశాడు. పన్నెండు మీటర్లకు ఎనభై నాలుగు తప్పులు పూర్తిచేసి, ఎనభై నాలుగూ సరిచూసుకుని, గుడ్డ పంపాడు.

నాలుగో రోజున గుడ్డ తిరిగి వచ్చింది. ఈసారి చీటీ పొడుగ్గా ఉంది. "ఏడు లోపములును ఒకే కొలత, ఒకే దిశ, ఒకే దూరము కలిగియున్నవి. లోపములు లోపరహితముగా ఉన్నవి. యంత్రముద్రితము."

మంచం మీద తానుల వరుస ఇంకొంచెం పైకి లేచింది.

ఇలాంటి ఇబ్బంది పాండురంగం ఒక్కడిది కాదని బోర్డు గ్రహించింది. ఊరి కమ్యూనిటీ హాల్లో మూడు రోజుల లోప నైపుణ్య శిక్షణా శిబిరం పెట్టింది. శిక్షకుణ్ణి చూసి పాండురంగం గుమ్మంలోనే ఆగిపోయాడు. శిక్షకుడి పేరు తాతారావు. ఇరవై ఏళ్ళ కిందట పాండురంగం దగ్గరే పని నేర్చుకున్నాడు. ఎనిమిది నెలలు నేర్చుకున్నాక, "నీకు ఇంకో పని చూసుకోరా అబ్బాయ్," అని పాండురంగమే పంపించాడు. అప్పట్నుంచి బస్టాండులో ఇడ్లీ బండి నడుపుకుంటున్నాడు. ఉత్తర్వు వచ్చాక సరదాకు ఒక మీటరు అద్ది పంపితే అందులో బోర్డువాళ్ళకు ముప్ఫై ఒక్క లోపాలు దొరికాయి. అదే రాష్ట్రంలో ప్రథమ స్థానం.

తాతారావు గురువుగారి కాళ్ళకు దణ్ణం పెట్టి బల్ల ముందు నిలబెట్టాడు.

"చెయ్యి వదిలెయ్యండి గురువుగారూ. ఇంకా. ఇంకా వదలండి. ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అనుకోండి."

"మా ఆవిడ ఉంటుందిరా ఇంట్లో."

"అదేనండీ మీ ఇబ్బంది. దేనికీ బెంగ లేదు." మూడో రోజు సాయంత్రం తాతారావు ఆయన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "ఏమనుకోకండి గురువుగారూ. ఇది నేర్చుకుంటే వచ్చేది కాదండీ. పుట్టుకతో రావాలి. మీకు ఇంకో పని చూసుకోవడం మంచిది."

అదే వారంలో బైపాసు రోడ్డు పక్కనున్న మిల్లు యజమాని భానోజీ తాతారావుతో ఒక మీటరు గుడ్డ అద్దించుకున్నాడు. దాన్ని ఫొటో తీయించి, ఆ ఫొటోతో మిల్లు మిషన్లకు అచ్చు తెరలు చేయించాడు. అప్పట్నుంచి మిల్లులో ప్రతి మీటరూ ముప్ఫై ఒక్క లోపాలతో వస్తోంది. అన్ని మీటర్లలోనూ అవే లోపాలు, అవే చోట్ల. బోర్డు ఒక్కో తానులో ఒక్క మీటరే నమూనాగా చూస్తుంది కనుక ఆ సంగతి బోర్డు కంట పడే వీల్లేదు. మిల్లు గుడ్డకు అరచేయి ముద్ర పడింది.

పాండురంగం గుడ్డ యంత్రముద్రితమని రెండుసార్లు రుజువయింది కనుక యంత్రాన్ని పట్టుకోవాలని బోర్డు తీర్మానించింది. తనిఖీ అధికారి కామేశం సోమవారం ఉదయం ఒక సంచీతో, ఒక టార్చి లైటుతో వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు. నిబంధనలు పొల్లుపోకుండా పాటిస్తాడని, ఎవరి ఇంటా మంచినీళ్ళు కూడా ముట్టడని పేరు. ఇల్లంతా వెతికాడు. అటక ఎక్కాడు. బానలో కర్ర పెట్టి తిప్పి చూశాడు. కుట్టుమిషను సూది విరిగిన సంగతి రాసుకున్నాడు. తర్వాత పాండురంగాన్ని అద్దమని చెప్పి, గంటసేపు పక్కన నిలబడి, ఫైలు మీద ఇలా రాశాడు: "ముద్రణ జరుగుచున్నది. ముద్రణ యంత్రముచే జరుగుచున్నదని ఇదివరకే తేలినది. గదియందు పాండురంగం తప్ప వేరొకటి లేదు. కావున."

"కావున తర్వాత ఏంటండీ?" అంది నాంచారమ్మ.

"కావున రిజిస్ట్రేషను చెయ్యాలమ్మా." కామేశం సంచీలోంచి ఒక ఫారం తీశాడు. "యంత్రం యజమాని పేరు?"

నాంచారమ్మ మొగుడి వైపు చూసింది. "నా పేరే రాయండి," అంది.

"తయారీ సంవత్సరం?"

"అరవై రెండేళ్ళు వెనక్కి లెక్కేసుకోండి."

"తయారీదారు?"

"మా మావగారు. పోయారు."

"అంటే విడిభాగాలు దొరకవు," అని రాసుకున్నాడు కామేశం. "ఇంధనం?"

"పొద్దున పెరుగన్నం, పదింటికి టీ. టీ ఆలస్యమైతే శబ్దం చేస్తుంది."

"అశ్వశక్తి?"

"ఎద్దుతో సమానమని మా అత్తగారు అంటుండేది."

ఎద్దును అశ్వశక్తిలోకి మార్చే పట్టిక తన దగ్గర లేదని కామేశం ఆ గడి ఖాళీగా వదిలాడు. వెళ్ళేముందు బల్ల చుట్టూ నేల మీద పసుపురంగు గీత గీశాడు. గోడకు బోర్డు తగిలించాడు: "యంత్రము నడుచుచున్నది. సమీపించరాదు." ఆ రోజు నుంచి టీ గ్లాసు ఇవ్వాలంటే నాంచారమ్మ గీత దాటాల్సి వచ్చింది. పాండురంగం తాను మనిషినని అర్జీ పెట్టుకున్నాడు. యంత్రాల నుంచి అర్జీలు స్వీకరించబడవని, యజమానురాలు కావాలంటే పెట్టుకోవచ్చని జవాబొచ్చింది. నాంచారమ్మ పెట్టింది. తన యంత్రం యంత్రం కాదని చెప్పే యజమానికి లైసెన్సు రద్దవుతుందని జవాబొచ్చింది.

ఈలోగా బోర్డుకే ఒక ఇబ్బంది వచ్చింది. అరచేయి ముద్ర వెయ్యడానికి టేకు అచ్చు ఒకటి చేయించారు. దాన్ని ఆఫీసు గుమాస్తాలు వేస్తుంటే ఒక్కో గుడ్డ మీద ఒక్కో రకంగా పడుతోంది. ఒకచోట బొటనవేలు లేదు, ఒకచోట చెయ్యి ముడుచుకుంది. ముద్రలు ఒకేలా లేకపోతే దొంగముద్రలను పట్టుకోవడం కుదరదు. "అధికారిక ముద్ర యంత్రముచే మాత్రమే వేయవలెను" అని ఉత్తర్వు ఇచ్చారు. జిల్లాలో టేకు అచ్చుతో పనిచేసే యంత్రం, రిజిస్టరు ప్రకారం, ఒక్కటే ఉంది.

అలా మిల్లు గుడ్డ లారీల్లో పాండురంగం ఇంటికి రావడం మొదలైంది. ఆయన పసుపు గీతలో నిలబడి, చేత్తో చేసినట్టు ధ్రువపరిచే ముద్రను, మిషను మీద చేసిన గుడ్డకు, చేత్తో వేసేవాడు. ఒక్క ముద్ర కూడా పక్కకు జరగలేదు. పక్కనే మంచం మీద ఆయన తానులు ముద్ర లేకుండా పడి ఉన్నాయి. యంత్రం తన గుడ్డకు తానే ముద్ర వేసుకోకూడదు కనుక కామేశం పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాడు.

మూడో వారంలో ఒకరోజు కామేశం మిల్లు కాగితాలు పైకి చదివాడు. "ముద్రించినవారు: శ్రీ తాతారావు. దినసరి ఉత్పత్తి: నాలుగు వేల మీటర్లు."

"పాపం," అంది నాంచారమ్మ బాన దగ్గర్నుంచి. "భోజనానికన్నా లేవనిస్తున్నారా అబ్బాయిని?"

పాండురంగం బల్ల దగ్గర ఎన్నడూ నవ్వలేదు. ఆ రోజు నవ్వాడు. చేతిలో ఉన్న అచ్చు, అప్పటికే వేసిన ముద్ర మీద వారగా పడింది. అరచేతికి ఆరో వేలు మొలిచింది.

కామేశం కుర్చీలోంచి లేచాడు. నవ్వు ఆగాక పాండురంగం కూడా చూశాడు. నలభై నాలుగేళ్ళలో మొదటిది.

ఆ గుడ్డను సీలు వేసి ఆఫీసుకు పంపారు. చిదంబరరావు గారు స్వయంగా విచారించారు. యంత్రం నవ్వదు. నవ్వి తప్పు చెయ్యదు. కనుక ఇందులో మానవాంశ ఉంది. ఎంత ఉంది? మనిషికి ఏడు లోపాలు కావాలి, ఇక్కడ ఒకటి ఉంది. కనుక ఏడో వంతు ఉంది. వారానికి ఏడు రోజులు కనుక పాండురంగాన్ని వారానికి ఒకరోజు మనిషిగా గుర్తిస్తూ ఉత్తర్వు జారీ చేశారు. ఆఫీసు సౌలభ్యం కోసం గురువారం నిర్ణయించారు. మిగతా ఆరు రోజులు యథాతథం.

"పోన్లెండి," అంది నాంచారమ్మ. "గురువారాలు గీత దాటక్కర్లేదు."

గురువారం అద్దిన గుడ్డకైనా అరచేయి పడుతుందా అని పాండురంగం అడిగాడు. కామేశం ఉత్తర్వు తిరగేశాడు. గురువారం గుడ్డ మనిషి అద్దినదే. కానీ ఏడు లోపాలు ఉండాలి. అవి ఉన్నా, ముద్ర వెయ్యాల్సిన యంత్రం గురువారం ఉండదు.

రెండో గురువారం పొద్దున తొమ్మిదింటికి మిల్లు లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. వెనకే కామేశం స్కూటరు మీద వచ్చాడు. బెజవాడలో చేతి గుడ్డల ప్రదర్శన ఆ సాయంత్రమే మొదలవుతోంది. లారీలో సరుకు మీద ఇంకా ముద్రలు పడలేదు.

నాంచారమ్మ గుమ్మంలో నిలబడింది. "ఇవాళ మిషను లేదండీ. మా ఆయన ఉన్నారు. పెరుగన్నం తింటున్నారు."

"ఆయన్నే పిలవండి."

"ఆయన ఇవాళ మనిషండీ. మనిషి ముద్ర వెయ్యకూడదని మీ కాగితంలోనే ఉంది."

కామేశం కాగితం తీసి చూశాడు. ఉంది. చిదంబరరావు గారికి ఫోను చేశాడు. అత్యవసర పరిస్థితుల్లో తనిఖీ అధికారి స్వహస్తంతో ముద్ర వేయవచ్చని, ముద్రలో మాత్రం తేడా రాకూడదని, వస్తే అతనే బాధ్యుడని ఆయన చెప్పి పెట్టేశారు.

కామేశం బల్ల దగ్గరికి వచ్చి అచ్చు చేతిలోకి తీసుకున్నాడు. అది అంత బరువుంటుందని అతనికి తెలియదు. పాండురంగం చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎప్పుడన్నా వేశారా?"

"లేదండీ."

"తిన్నగా లారీ సరుకు మీద వెయ్యకండి. పాడైతే మాట మీకొస్తుంది. ముందు వేరే గుడ్డ మీద చెయ్యి తిప్పుకోండి."

"వేరే గుడ్డ ఎక్కడుందండీ?"

నాంచారమ్మ మంచం మీంచి ఒక తాను తీసి బల్ల మీద పరిచింది. పాండురంగం ఆమె వైపు చూశాడు. ఆమె గుడ్డ ముడతలు సవరిస్తోంది, తలెత్తలేదు.

కామేశం మొదటి ముద్ర తలకిందులుగా వేశాడు. రెండోదానికి వేళ్ళు పడలేదు. మూడోది జారింది. నాలుగోది రంగు ముద్దయింది. అయిదోది పువ్వు మీద పడింది, ఆరోది అంచు మీద. "వేళ్ళతో నొక్కకండి," అన్నాడు పాండురంగం, "అరచేతి మొదలుతో గుద్దండి. దెబ్బ ఒకటే ఉండాలి." ఏడోసారి కామేశం గట్టిగా గుద్దాడు. బల్ల కదిలి ముద్ర రెండుగా పడింది. ఎనిమిదోది కుదిరింది. అయిదు వేళ్ళు, అరచేయి, చుట్టూ గుండ్రంగా గీత.

కామేశం దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"బాగా పడిందండీ," అంది నాంచారమ్మ. కుట్టుపని టేపు తెచ్చి గుడ్డ మీద పరిచింది. "మీ నమూనా మీటరు లోపలే ఉన్నాయి. మీరు లెక్కగా ఉండే మనిషి కదా, ఒకసారి చూడండి. తప్పుగా పడినవి ఏడు. సరిగ్గా పడిన ముద్ర ఒకటి. తాను మీద అంతకన్నా ఇంకేం కావాలంటుంది మీ కాగితం?"

కామేశం లెక్కపెట్టాడు. కాగితం తీసి చదివాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. లోపాలు ఎవరివై ఉండాలో కాగితంలో లేదు. మానవ సహజమైనవై ఉండాలని మాత్రం ఉంది. తను మనిషి కాదని రాయడానికి అతని దగ్గర ఆధారం లేదు. జేబులోంచి చీటీ తీసి "లోపములు: ఏడు. తీర్మానము: హస్తముద్రితము" అని రాసి సంతకం పెట్టాడు.

"చెయ్యింకా పూర్తిగా కుదరలేదండీ మీకు," అని నాంచారమ్మ రెండో తాను పరిచింది.

బయట లారీ డ్రైవరు హారను కొట్టి, కొట్టి, పడుకున్నాడు. కామేశం చొక్కా చేతులు మడిచాడు. ఒక్కో తానుకు ఏడు పోగొట్టి, ఎనిమిదోది నిలబెట్టి, చీటీ రాసి పక్కన పెడుతున్నాడు. పదింటికి టీ ఇస్తే, ఎవరి ఇంటా నీళ్ళు ముట్టనివాడు, చూసుకోకుండా తాగేశాడు. మంచం మీద పరుపు కనపడసాగింది.

పదో తాను దగ్గర అతనికి ఏడో తప్పు చాలాసేపు రాలేదు. పదకొండో తాను చివరిది. రెండు ముద్రలు పక్కకు జరిగాయి. తర్వాత వరసగా ఆరు ముద్రలు కుదురుగా పడ్డాయి. అతను గుడ్డను అటు తిప్పి వేశాడు, ఇటు తిప్పి వేశాడు. కుదురుగానే పడ్డాయి. కళ్ళు మూసుకుని ఒకటి వేశాడు.

పాండురంగం వంగి చూశాడు. "ఇంక తప్పులు రావండీ మీకు," అన్నాడు. "చెయ్యి కుదిరిపోయింది."

కామేశం అచ్చు కింద పెట్టాడు. రంగంటిన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. గోడ మీద తను తగిలించిన బోర్డు వైపు, నేల మీద తను గీసిన గీత వైపు చూశాడు. తను గీత లోపల ఉన్నాడు.

"పాండురంగం గారూ," అన్నాడు గొంతు తగ్గించి, "ఈ సంగతి మా ఆఫీసులో అనకండి."